పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్ లేవాలంటే

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 చిప్ కావాలి, సెక్యూర్ బూట్‌కు వీలున్న ఫర్మ్‌వేర్ కావాలి, కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అయితే కొద్ది మినహాయింపులు పోను ఎనిమిదో తరం, ఆపైవే ఆ జాబితాలో ఉన్నాయి. 2015, 2016 ప్రాంతంలో కొన్న లాప్‌టాప్‌లు దీంతో గీతకు అవతలే ఉండిపోయాయి. వాటిలో చాలావాటికి రోగమేమీ లేదు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇంకొన్నేళ్లు పిల్లల చదువుకూ, డీటీపీ పనికీ, దుకాణం లెక్కలకూ పనికొచ్చేవే. అందుకే ఇన్నాళ్లూ షాపువాళ్లకు వదిలేసిన పని ఇప్పుడు ఇళ్లలోకి వచ్చింది. బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని ఓఎస్ మనమే వేసుకోవడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు.

ఎవరిని అడిగినా జవాబు ఒక టూల్ పేరుతో మొదలవుతుంది. ఒకరు రూఫస్ అంటారు, ఒకరు వెంటాయ్ అంటారు, ఇంకొకరు బలేనా ఎచర్ అంటారు. నా ఉద్దేశంలో టూల్ ఎంపిక చివర్లో రావాలి. మన మిషన్ ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఏం వెతుకుతుంది, చేతిలో ఉన్న, ఓఎస్ ఇన్‌స్టలేషన్ డిస్క్ నకలైన ఐఎస్‌ఓ ఫైలును ఏ తీరున కట్టారు, ఆ ఫైలు ఎవరి దగ్గర నుంచి వచ్చింది అనే మూడు సంగతులు తేలితే టూల్ దానంతట అదే తేలిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టినా సిస్టమ్ లేవకపోతే చాలాసార్లు తప్పు మొదటి రెండింటి మధ్యే ఉంటుంది. సిస్టమ్ చక్కగా లేచి, కొన్నాళ్లకు పాస్‌వర్డ్‌లు పరుల పాలైతే మాత్రం మూడోదాన్నే అనుమానించాలి.

ఫర్మ్‌వేర్ సంగతి ముందు చూద్దాం. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వారసత్వంగా వచ్చిన బయాస్‌కు ఫైళ్లంటే తెలియదు. డిస్క్‌లోని మొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను, మెమరీలోకి ఎత్తుకుంటుంది. చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు ఉంటే పగ్గాలు దానికి అప్పగిస్తుంది. ఆ 512లో 446 బైట్లు కోడ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు పోతాయి. ఎంబీఆర్ అనే ఈ ఏర్పాటు 1983లో డాస్ 2.0తో వచ్చింది. అంత ఇరుకులో పట్టే కోడ్ చేయగలిగిందల్లా, ఇంకాస్త పెద్ద కోడ్ ఎక్కడుందో వెతికి దాన్ని లేపడం. పాత మిషన్ల కోసం పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లన్నీ కాపీ చేసి పెట్టినా అవి లేవవు. ఆ మొదటి సెక్టార్ ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు, కాపీలో రాదు. దాన్ని విడిగా రాయాల్సి రావడం వల్లే ఈ టూల్స్ అన్నీ పుట్టాయి.

విండోస్ 95ను ఫ్లాపీల మీద కొంటే 13 ఫ్లాపీలు వచ్చేవి. సీడీ కొన్నా, సిస్టమ్‌ను లేపడానికి ఒక బూట్ ఫ్లాపీ, అందులో సీడీ డ్రైవ్‌కు డాస్ డ్రైవర్ ఉండాల్సిందే. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి ఎల్ టొరీటో అనే స్పెసిఫికేషన్ తెచ్చాయి. సీడీ లోపల ఒక ఫ్లాపీ ఇమేజ్ దాచి, ఎదురుగా ఉన్నది ఫ్లాపీయేనని బయాస్‌ను నమ్మించడం అందులో ఒక పద్ధతి. 2000లో క్లౌస్ క్నోపర్ విడుదల చేసిన నాపిక్స్‌తో, హార్డ్ డిస్క్‌ను ముట్టకుండా సీడీ మీదే పూర్తి లినక్స్ డెస్క్‌టాప్ నడవడం జనానికి కనిపించింది. పెన్‌డ్రైవ్‌లు అమ్మకానికి వచ్చింది కూడా ఆ ఏడాదే. ఐబీఎం పేరుతో వచ్చినదాంట్లో పట్టేది 8 ఎంబీ. బయాస్‌లు వాటికి అలవాటు పడడానికి ఏళ్లు పట్టింది. ఆ రోజుల సెటప్ తెరల్లో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు వరసలుండేవి. పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీ అనుకోవాలా, జిప్ డ్రైవ్ అనుకోవాలా, హార్డ్ డిస్క్ అనుకోవాలా అన్నది ఒక్కో బోర్డులో ఒక్కో తీరు. ఒక సిస్టమ్‌లో లేచిన పెన్‌డ్రైవ్ పక్క సిస్టమ్‌లో లేవని చికాకు అప్పటి నుంచీ ఉన్నదే.

ఇంటెల్ తన ఇటానియం ప్రాసెసర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ, 2005లో పలు కంపెనీల ఉమ్మడి వేదిక చేతికి వెళ్లి యూఈఎఫ్‌ఐ అయింది. ఇది ఫైళ్లు చదవగలదు. అయితే ఏ ఫర్మ్‌వేర్ అయినా తప్పకుండా చదివేది ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఒక్కదాన్నే. పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ అనే ఫైలు ఉన్నాయేమో చూస్తుంది. ఉంటే లేపుతుంది. అంటే ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓలోని ఫైళ్లు కాపీ చేస్తే చాలు, సూత్రప్రాయంగా ఏ టూలూ అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్లకు సగం భయం పోతుంది. ఇంటెల్ ఆటమ్ చిప్‌లతో వచ్చిన కొన్ని చౌక టాబ్లెట్‌లలో మాత్రం ప్రాసెసర్ 64-బిట్‌ది, ఫర్మ్‌వేర్ 32-బిట్‌ది. అవి బూట్‌ఐఏ32.ఈఎఫ్‌ఐ అనే వేరే ఫైలు కోసం చూస్తాయి. అది లేని డ్రైవ్ ఎంత బాగా తయారైనా వాటి కంటికి ఆనదు.

ఇక్కడొక ప్రమాదం ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2010ల నాటి మిషన్లు రెండు దారుల్లోనూ లేస్తాయి. యూఈఎఫ్‌ఐతో పాటు పాత బయాస్‌ను అనుకరించే సీఎస్‌ఎం అనే భాగం వాటిలో ఉంటుంది. 2020 నాటికి దాన్ని వదిలించుకుంటామని ఇంటెల్ 2017లో చెప్పింది, కొత్త లాప్‌టాప్‌లలో అది దాదాపు పోయింది కూడా. పాతవాటిలో బూట్ మెనూ తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. పొరపాటున రెండోది ఎంచుకుంటే విండోస్ ఇన్‌స్టాలర్ మామూలుగానే లేస్తుంది. తీరా డిస్క్ ఎంచుకునే దగ్గర, ఈ డిస్క్ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టిక తీరులో ఉంది, ఇందులో విండోస్ వేయడం కుదరదు అని ఆగిపోతుంది. దీనికి చిట్కాగా చాలామంది చెప్పేది విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ తెరిచి క్లీన్ కొట్టమని. అలా చేస్తే ఇన్‌స్టలేషన్ ముందుకు సాగుతుంది గానీ డీ డ్రైవ్‌లో ఉన్న పెళ్లి వీడియోలూ, పదేళ్ల ఫొటోలూ దాంతోపాటే పోతాయి. నిజానికి డిస్క్‌కు ఏ లోపమూ లేదు. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, మెనూలో యూఈఎఫ్‌ఐ అని ఉన్న వరసను ఎంచుకుంటే సరిపోయేది. డెల్, లెనోవోలలో ఆ మెనూ సాధారణంగా ఎఫ్12 నొక్కితే వస్తుంది, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లో కొన్నిట్లో ముందు సెటప్‌లోకి వెళ్లి ఎఫ్12 మెనూను ఆన్ చేసుకోవాలి.

రెండో సంగతి ఐఎస్‌ఓ ఫైలు కట్టుబడి. లినక్స్, విండోస్ ఇక్కడ వేర్వేరు దారుల్లో వెళ్లాయి. సీడీల ఫైల్ సిస్టమ్ ఐఎస్‌ఓ 9660లో మొదటి 32 కేబీ వాడకుండా వదిలేస్తారు. సిస్‌లినక్స్ అనే బూట్‌లోడర్ రాసిన హెచ్. పీటర్ ఆన్విన్, 2008 నాటికి ఆ ఖాళీ చోటులో ఎంబీఆర్‌ను కూర్చోబెట్టే ఐసోహైబ్రిడ్ పద్ధతిని తెచ్చాడు. అదే ఫైలును సీడీలోకి కాలిస్తే సీడీలా లేస్తుంది, పెన్‌డ్రైవ్ మీదికి మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఉన్నదున్నట్టు దింపితే హార్డ్ డిస్క్‌లా లేస్తుంది. ఎవరూ వాడని కొద్దిపాటి జాగాను గమనించి ఇంత సమస్యను తేల్చేయడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ ఐఎస్‌ఓలన్నీ ఈ కోవకే చెందుతాయి. అందువల్ల లినక్స్ ఐఎస్‌ఓకు డీడీ అనే పాత యూనిక్స్ కమాండ్ చాలు. కానీ డీడీకి ముందూ వెనకా చూసే గుణం లేదు. ఎక్కడ రాయాలో చెప్పేటప్పుడు ఒక్క అక్షరం తప్పితే, పెన్‌డ్రైవ్‌కు బదులు అసలు హార్డ్ డిస్క్ మీదే రాసేస్తుంది.

ఇలా దింపిన పెన్‌డ్రైవ్‌ను తిరిగి విండోస్‌లో పెడితే, డిస్క్ ఫార్మాట్ చేయమంటారా అని అడగడమో, 32 జీబీ డ్రైవ్‌లో కొద్ది ఎంబీలే కనిపించడమో జరుగుతుంది. డ్రైవ్ పాడైపోయిందనుకుని పారేసేవాళ్లున్నారు. అది బాగానే ఉంది. దాని మీద ఉన్నది విండోస్‌కు అర్థంకాని అమరిక, అంతే. పని అయిపోయాక, డిస్క్‌పార్ట్‌లో సరైన డిస్క్ నంబరును ఒకటికి రెండుసార్లు చూసుకుని క్లీన్ చేసి, మళ్లీ ఫార్మాట్ చేసుకుంటే మొత్తం జాగా తిరిగి వస్తుంది.

విండోస్ ఐఎస్‌ఓ హైబ్రిడ్ కాదు. దాన్ని డీడీతో గానీ ఎచర్‌తో గానీ దింపితే పెన్‌డ్రైవ్ లేవదు. ఫైళ్లను విడదీసి కాపీ చేయాలి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇటీవలి విండోస్ ఐఎస్‌ఓలలో అసలు సరుకంతా ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైలు ఆ హద్దు దాటిపోయింది. ఈ ఒక్క చిక్కును ఎవరు ఎలా దాటారన్నదే విండోస్ వైపు టూల్స్ మధ్య ఉన్న అసలు తేడా. మైక్రోసాఫ్ట్ సొంత మీడియా క్రియేషన్ టూల్ ఆ ఫైలును మరింత గట్టిగా కుదించి ఈఎస్‌డీ రూపంలో పెడుతుంది, అది ఫ్యాట్32లో పట్టేస్తుంది. చేత్తో చేసుకునేవాళ్లు డిస్మ్ కమాండ్‌తోనో, లినక్స్‌లో విమ్‌లిబ్‌తోనో దాన్ని ముక్కలు చేస్తారు. ఇన్‌స్టాలర్ ఆ ముక్కలను తనే కలుపుకుంటుంది. రూఫస్ దారి వేరు. డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి, చివర్లో ఒక బుల్లి ఫ్యాట్ పార్టిషన్ పెట్టి, ఫర్మ్‌వేర్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం నేర్పే డ్రైవర్‌ను అందులో ఉంచుతుంది. ఆ డ్రైవర్‌కు మొదట్లో గుర్తింపు సంతకం లేక సెక్యూర్ బూట్ ఆపాల్సి వచ్చేది, తర్వాతి వెర్షన్లలో ఆ ఇబ్బంది తీరింది.

ఇప్పుడు టూల్స్ దగ్గరికి వద్దాం. విండోస్ 11కు అర్హత ఉన్న మిషన్, పక్కన పనిచేస్తున్న ఇంకో విండోస్ సిస్టమ్, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే మీడియా క్రియేషన్ టూల్‌ను మించింది లేదు. ఫైలు నేరుగా కంపెనీ నుంచి వస్తుంది, ఎంచుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు. మైక్రోసాఫ్ట్‌కూ ఈ రంగంలో ఒక చరిత్ర ఉంది. 2009లో విండోస్ 7 కోసం ఇచ్చిన యూఎస్‌బీ టూల్‌లో జీపీఎల్ లైసెన్స్ కోడ్ ఉందని బయటపడి, దాన్ని వెనక్కి తీసుకుని, సోర్స్ కోడ్‌తో సహా జీపీఎల్ కిందే మళ్లీ విడుదల చేసింది.

పీట్ బటార్డ్ 2011లో మొదలుపెట్టిన రూఫస్ ఒక చిన్న ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. లెగసీయా (అంటే పాత బయాస్ తీరా), యూఈఎఫ్‌ఐనా, ఎంబీఆరా, జీపీటీనా అని మనల్ని అడిగి చేస్తుంది గనుక, పైన చెప్పిన సంగతులు తెలిసినవాళ్లకు ఇది గొప్ప సాధనం. తెలియనివాళ్లకు అవే ప్రశ్నలు గోడలా నిలబడతాయి. టీపీఎం పరీక్షను దాటవేసే విండోస్ 11 డ్రైవ్ కూడా ఇది తయారు చేస్తుంది. పనిచేస్తుంది గానీ అలాంటి మిషన్లకు అప్‌డేట్లు ఎప్పటికీ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. విండోస్ 11 24హెచ్2 నుంచి పాప్‌కౌంట్ వంటి ఆదేశాలు లేని ప్రాసెసర్లలో, అంటే కోర్ 2 డ్యుయో కాలం నాటివాటిలో, అసలు లేవనే లేవదు. దానికి ఏ టూలూ మందు వేయలేదు. దుకాణం లెక్కలూ, బ్యాంకు పనులూ నడిచే సిస్టమ్‌కు ఈ దొడ్డిదారి నేను సూచించను.

ఎచర్ బరువైన ప్రోగ్రామ్, విండోస్ ఐఎస్‌ఓకు పనికిరాదు. అయినా లినక్స్‌కు కొత్తగా వచ్చేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. సిస్టమ్‌లోని అసలు డిస్క్‌ను జాబితాలో ఎదురుగా చూపించదు, రాసిన తర్వాత తిరిగి చదివి సరిచూస్తుంది. ఆ సరిచూడడాన్ని విసుగొచ్చి స్కిప్ కొట్టకుండా ఉంటే పాడైన పెన్‌డ్రైవ్‌లు అక్కడికక్కడే పట్టుబడతాయి. 2007 నాటి యూనెట్‌బూటిన్ ఐసోహైబ్రిడ్ రాకముందు ఎంతో ఉపకారం చేసింది, ఇప్పుడు దాని అవసరం తీరిపోయింది. మాక్ వాళ్లకు 2013 నుంచి ఇన్‌స్టాలర్ లోపలే క్రియేట్‌ఇన్‌స్టాల్‌మీడియా అనే కమాండ్ వస్తోంది, వేరే వెతుకులాట అక్కర్లేదు.

2020లో వచ్చిన వెంటాయ్ ఆలోచనే వేరు. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో దాన్ని వేస్తే, తర్వాత ఎన్ని ఐఎస్‌ఓ ఫైళ్లయినా మామూలుగా కాపీ చేసుకోవచ్చు, లేచేటప్పుడు మెనూలో ఎంచుకోవచ్చు. రోజూ పది సిస్టమ్‌లు చూసే టెక్నీషియన్‌కు ఇదొక వరం. కానీ 2024లో ఎక్స్‌జెడ్ అనే లినక్స్ లైబ్రరీలో ఎవరో నమ్మకంగా చేరి పెట్టిన దొంగ తలుపు బయటపడ్డాక, వెంటాయ్ సోర్స్‌లో ముందే కంపైల్ చేసి పెట్టిన ఫైళ్లు ఇన్ని ఎందుకున్నాయన్న ప్రశ్న గట్టిగా లేచింది. దొంగతనం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. అయితే ఓఎస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్ మీద ఇలాంటి ప్రశ్న అడగడం న్యాయమే. లేపి చూడడానికీ, పాడైన సిస్టమ్‌లో డేటా తీయడానికీ వెంటాయ్ వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి ఉండబోయే ఇన్‌స్టలేషన్‌కు మాత్రం ఒక ఐఎస్‌ఓకు ఒక డ్రైవ్ చేసుకోవడమే మంచిదని నా పక్షం.

ఈ చర్చల్లో అందరూ దాటేసిపోయేది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మూడో సంగతి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైట్‌లోకి చొరబడినవాళ్లు 17.3 సినమన్ వెర్షన్ లింకును తమ సర్వర్ మీదికి మళ్లించారు. ఆ రోజు ఆ లింకు నొక్కినవాళ్లకు దొంగ కోడ్ ఉన్న ఐఎస్‌ఓ వచ్చింది. వాళ్లు ఏ టూల్ వాడినా, ఎంత శ్రద్ధగా డ్రైవ్ చేసినా ఫలితం ఒకటే. ప్రతి ఐఎస్‌ఓ పక్కన షా-256 అనే 64 అక్షరాల విలువ ఇస్తారు. దించుకున్న ఫైలుకు విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తోనో, రూఫస్‌లోని బటన్‌తోనో అదే లెక్క కట్టి పోల్చుకోవచ్చు. డౌన్‌లోడ్ మధ్యలో తెగి పాడైన ఫైళ్లు దీనితో దొరుకుతాయి. కానీ సైట్‌నే చేజిక్కించుకున్నవాడు పక్కనున్న విలువనూ మార్చగలడు. అందుకే డెబియన్, మింట్ వంటివి ఆ విలువల జాబితాకు జీపీజీ సంతకం జోడిస్తాయి. ఆ సంతకం సరిచూడడం మొదటిసారి కాస్త శ్రమే, అయినా చేయదగిన శ్రమ.

మన దగ్గర పెద్ద ముప్పు ఇంతకంటే మొరటుగా వస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి జిల్లా కేంద్రాల్లోని చిన్న షాపుల దాకా, ఫార్మాట్ కొట్టించడం అంటే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో సహా ముందే యాక్టివేట్ అయి ఉన్న విండోస్ వేయించుకోవడమని జనంలో ఒక అలవాటు పాతుకుపోయింది. అలాంటి ఐఎస్‌ఓను ఎవరు తెరిచారో, లోపల ఏం మార్చారో, ఏ భద్రతా సేవను ఆపేశారో చెప్పేవాళ్లు ఉండరు. ఎంతోమందికి దాని అవసరమే లేదన్నది మరీ బాధ కలిగించే విషయం. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో అమ్మిన బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో లైసెన్స్ కీని ఫర్మ్‌వేర్‌లోనే పొందుపరుస్తున్నారు. అసలైన ఐఎస్‌ఓతో చేసిన పెన్‌డ్రైవ్ పెడితే ఇన్‌స్టాలర్ ఆ కీని తనే చదువుకుంటుంది, హోమ్ ఎడిషన్‌నో ప్రోనో తనే తేల్చుకుంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10 అసలుది ఒకసారి యాక్టివేట్ అయిన మిషన్‌ను మైక్రోసాఫ్ట్ సర్వర్లు హార్డ్‌వేర్ గుర్తులతో గుర్తుంచుకుంటాయి. డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ చేతిలో ఉండగానే, దాన్ని చెరిపేసి దొంగ కాపీ వేయించుకుని దానికి మళ్లీ డబ్బులిస్తున్నవాళ్లు ఉన్నారు. ఈ ఒక్క సమాచారం ఇంటింటికీ చేరినా నేను సంతోషిస్తాను.

పెన్‌డ్రైవ్ సంగతి క్లుప్తంగా. కవర్ మీద 2 టీబీ అని రాసి, కంట్రోలర్ చేత అలాగే అబద్ధం చెప్పించి, లోపల దానిలో ఎన్నో వంతు చిప్ పెట్టి అమ్మేవి బజారులో దొరుకుతాయి. అసలు హద్దు దాటాక రాసిందంతా గాలిలో కలిసిపోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌లు డ్రైవ్ నిండా రాసి, చదివి నిజం తేలుస్తాయి. ఇన్‌స్టలేషన్ సగంలో ఫైల్ దొరకలేదని ఆగిపోతే ఐఎస్‌ఓను తిట్టుకునే ముందు ఈ పరీక్ష చేయాలి.

డ్రైవ్ లేచింది, ఇన్‌స్టాలర్ తెర వచ్చింది, తీరా చూస్తే ఎక్కడ వేయాలో చెప్పే జాబితా ఖాళీగా ఉంది. ఇంటెల్ పదకొండో తరం, ఆపై లాప్‌టాప్‌లలో ఇది చాలా మామూలు. ఎస్‌ఎస్‌డీ పాడైందనుకోనక్కర్లేదు. వీఎండీ అనే ఇంటెల్ ఏర్పాటు వెనక అది దాగి ఉంది, దాని డ్రైవర్ విండోస్ పెన్‌డ్రైవ్‌లో లేదు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పిన ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. ఇలాంటిదే 2015లోనూ జరిగింది. ఆ ఏడాది వచ్చిన ఇంటెల్ 100 సిరీస్ బోర్డుల్లో పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేయడంతో, విండోస్ 7 ఇన్‌స్టాలర్ లేచేది గానీ అందులో మౌస్, కీబోర్డు కదిలేవి కావు. ఇన్‌స్టాలర్ ఓఎస్ విడుదలైన నాటి హార్డ్‌వేర్‌నే ఎరుగును. కొత్త మిషన్‌కు పాత ఐఎస్‌ఓ వాడొద్దనడం ఇందుకే.

ఏదీ వేయకముందు పాత డేటా బయటికి తీయాలి. లినక్స్ లైవ్ డ్రైవ్ విలువ ఇక్కడ తెలుస్తుంది. విండోస్ లేవని సిస్టమ్‌లో కూడా ఇన్‌స్టాల్ చేయకుండానే లేచి, ఫొటోలూ సర్టిఫికెట్లూ ఇంకో డ్రైవ్‌లోకి తీసుకోనిస్తుంది. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో ముందే తెలుస్తుంది. ఒక్క అడ్డంకి బిట్‌లాకర్. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా మిషన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది, రికవరీ కీ ఆ ఖాతాలో చేరుతుంది. ఖాతా పాస్‌వర్డ్ మరిచినవాళ్లకు ఏ లైవ్ డ్రైవూ ఆ ఫైళ్లు చూపించలేదు. సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చినా మరుసటిసారి ఆ కీ అడగవచ్చు. కాబట్టి ఫర్మ్‌వేర్‌లో వేలు పెట్టకముందే కీని కాగితం మీద రాసుకోవాలి.

తెలుగువాళ్లకు లినక్స్ డ్రైవ్‌లు కొత్త కాదు. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు షిప్‌ఇట్ పథకం కింద అడిగినవారికి సీడీలు ఉచితంగా పోస్టులో పంపింది. సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తయారుచేసిన తెలుగు లినక్స్ మన భాషలో డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో చూపించాయి. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను ఇప్పటికీ తెలుగులో నడిపించవచ్చు. అయితే గుణింతాలూ ఒత్తులూ చూపించడం పాత టెక్స్ట్ తెరకు చేతకాదు గనుక, లేచిన వెంటనే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకున్నవాళ్లకే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. మరీ పాత 32-బిట్ మిషన్లకు మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు 2017లోనే 32-బిట్ డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ మానేసింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. యాంటీఎక్స్ వంటి కొద్దిపాటివి మిగిలాయి.

చివరగా సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో ఇది ఇళ్లలోకి వచ్చింది. ఫర్మ్‌వేర్‌లో ముందే పెట్టిన తాళపుచెవులతో సరిపోలే సంతకం ఉన్న ఫైలునే లేపడం దీని పని. లినక్స్ సంస్థలు మాథ్యూ గారెట్ రూపొందించిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించి దీన్ని దాటాయి. అందువల్ల లినక్స్ వేయాలంటే సెక్యూర్ బూట్ ఆపాల్సిందేనన్న మాట పేరున్న డిస్ట్రోల విషయంలో ఏనాడో పాతబడింది. పెన్‌డ్రైవ్‌లకు వచ్చిన చిక్కు వేరు. లోపాలున్న పాత బూట్ ఫైళ్లను ఫర్మ్‌వేర్ ఇక నమ్మకుండా చేయడం మొదలైంది. 2023లో బ్లాక్‌లోటస్ అనే మాల్‌వేర్ పాత విండోస్ బూట్ మేనేజర్‌ను వాడుకుని చొరబడింది. దానికి విరుగుడుగా ఇచ్చిన నిషేధాన్ని అమలు చేసిన మిషన్లలో పాత విండోస్ ఇన్‌స్టలేషన్ డ్రైవ్‌లు లేవవు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత, లినక్స్ కూడా ఉన్న ఎన్నో సిస్టమ్‌లలో పాత షిమ్ ఉన్న లైవ్ డ్రైవ్‌లు సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అంటూ ఆగిపోయాయి.

దీని మీదికి, ఈ సంతకాలన్నిటికీ మూలమైన మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ల గడువు కూడా చెప్పుకోవాలి. షిమ్ వంటి ఇతరుల ప్రోగ్రామ్‌లకు వాడేది 2026 జూన్‌లో, విండోస్ బూట్ ఫైళ్లకు వాడేది అదే ఏడాది అక్టోబర్‌లో తీరిపోయేవి. గడువు తీరినంత మాత్రాన ఉన్న సిస్టమ్‌లు ఆగిపోవు, ఫర్మ్‌వేర్ లేచేటప్పుడు తేదీ చూడదు. అయితే ఆ తర్వాత తయారయ్యే బూట్ ఫైళ్లకు 2023 నాటి కొత్త సర్టిఫికెట్లతో సంతకాలు చేయాలి. ఆ కొత్త తాళపుచెవి అప్‌డేట్‌గా అందని పాత లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, కొత్త ఐఎస్‌ఓతో నిన్న చేసిన పెన్‌డ్రైవ్ కూడా లేవకపోవచ్చు. అందుకని ఇప్పుడు పనిచేస్తున్న విండోస్‌ను చెరిపేసే ముందు, పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు చివరిగా వచ్చిన బయాస్ అప్‌డేట్‌ను ఛార్జర్ తగిలించి ఉంచి పూర్తి చేయాలి. ఏళ్ల కిందట చేసి డ్రాయర్‌లో పడేసిన ఇన్‌స్టలేషన్ డ్రైవ్‌ను పక్కనపెట్టి, కొత్త ఐఎస్‌ఓతో మళ్లీ చేసుకోవాలి.